తిప్పమ్మ పాడిన రెండో చరణం

నరసింహప్ప ఇంట్లోకి పోవాలంటే గడప దగ్గరే కాళ్లు దులుపుకోవాలి. కొత్తగా వచ్చినవాళ్లు లోపల దేవుడి గది ఉందేమో అనుకుంటారు. ఉన్నది క్యాసెట్లు. మా ఊరు కణేకల్లుకూ రాయదుర్గానికీ నడుమ, హగరి ఏటి ఇసుకకు దగ్గరగా ఉంది. గాలి లేచిందంటే ఆ ఇసుక అన్నం పళ్లెంలోకీ వస్తుంది, కండ్లలోకీ వస్తుంది. టేపు మీద పడితే పాట గీసుకుపోతుంది. అందుకని ఆయన కూతురు హేమావతి, రాయదుర్గంలో తాను జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పారేసే గుడ్డ ముక్కలు ఏరి తెచ్చి, ఒక్కో క్యాసెట్‌కు ఒక్కో సంచి కుట్టింది. రోజంతా మిషను మీద కూచొని వచ్చిన పిల్ల ఇంట్లో మళ్లీ మిషను తొక్కుతుంటే చూడలేక, "చేతులు నొయ్యవా తల్లీ?" అని అడిగాను. "ఇవి చెడిపోతే నాయన అన్నం తినడు చిన్నాయనా, అదే ఎక్కువ నొప్పి" అని నవ్వింది.

నరసింహప్పది మైకుసెట్టు. ఇప్పుడు పెండ్లికీ జాతరకూ బండ్ల మీద డీజే డబ్బాలు వస్తున్నాయి. గుండె అదురుతుంది గానీ మాట ఒక్కటి అర్థం కాదు. ఆ కాలంలో మా చుట్టుపక్కల ఏ ఊళ్లో శుభం జరిగినా నరసింహప్ప హారన్లు రెండూ చెట్టెక్కేవి. చావు ఇంటికి పిలిస్తే అద్దె మాట ఎత్తేవాడు కాదు. హారను కట్టి, సన్నగా భజన పెట్టి, తానూ పాడె మోసేవాళ్లతో నడిచేవాడు.

ఆయన కూడబెట్టిన క్యాసెట్లు అంగట్లో దొరికేవి కావు. భజన బృందాలూ, నాటకాలవాళ్లూ, తత్వాలు పాడేవాళ్లూ బళ్లారికో గుంతకల్లుకో పోయి రికార్డు చేయించుకునే రోజులు కొన్ని ఉండేవి. ఒక పాటను రెండు మూడుసార్లు పాడిస్తారు. బాగా వచ్చినది క్యాసెట్‌కు పోతుంది. మిగిలినవాటి మీద ఇంకొకరిని పాడించి చెరిపేస్తారు. ఆ చెరిగిపోయే పాటలు కావాలి మా నరసింహప్పకు. తబలా దారి తప్పినవి, పాడేవాడు దగ్గినవి, మాట మరిచి పక్కవాడి వైపు చూసి మళ్లీ అందుకున్నవి. కొత్త టేపు ఇచ్చి ఆ పాత టేపు తెచ్చుకునేవాడు. అంగడికి పోయే క్యాసెట్‌లో కీబోర్డు కలిపి, గొంతులను ఒక పక్కకూ వాద్యాలను ఒక పక్కకూ సర్దుతారట. అది ఆయనకు పనికిరాదు. అందరూ ఒకే మైకు చుట్టూ కూచొని పాడినది, ఏదీ కలపక ముందటిది కావాలి. దాన్ని 'ఒంటి మైకు టేపు' అనేవాడు.

బస్టాండు కాడ హోటల్లో ఆయన్ను ఆటపట్టించని వాడు లేడు.

"ఏమప్పా నరసింహప్పా, ఒకే పాటను ఎన్ని తూర్లు ఇంటావ్? నీ టేపుకు గూడా విసుగొచ్చింటాది."

"ఒకే పాట యాడుండాదన్నా? దీంట్లో తత్వాలు పాడే తిప్పేష్ మైకు పక్కనే కూచున్నాడు. దాంట్లో యెనక్కి జరిగినాడు, గొంతు దూరం పోయింది. ఒంటి మైకు టేపులో ఎవురు ఎవురి పక్కన కూచున్నారో తెలుస్తాది."

"తెల్సుకొని ఏం జేస్తావప్పా, సంబంధం కలుపుతావా?"

అందరితో పాటు ఆయనా నవ్వేవాడు. నవ్విన వాళ్లే ఇల్లు సున్నం కొట్టుకునేటప్పుడు అటక మీద పాత క్యాసెట్లు కనిపిస్తే పారెయ్యకుండా గుడ్డలో చుట్టి పంపేవాళ్లు. గొర్రెల కాపరి ఒకాయన, గుడి వెనక చెత్తలో దొరికిందని, ఒక క్యాసెట్‌ను భుజం మీది కంబడి మడతలో పెట్టుకొని యాడికి ఊరి పక్క నుంచి మోసుకొచ్చాడు. లోపల టేపే లేదు, ఉత్త డబ్బా. నరసింహప్ప ఆ మాట చెప్పకుండా రెండు చేతులతో తీసుకొని, ఆయనకు అన్నం పెట్టించి పంపాడు.

ఇన్ని టేపుల్లో ఆయన వెతికింది మాత్రం ఒక్కదాని కోసమే. అది ఆయన భార్య తిప్పమ్మ పాడిన రెండో చరణం.

తిప్పమ్మ కూలికి పోయే మనిషి. చెనిక్కాయలు పీకేటప్పుడు ఆమె పాట అందుకుంటే సాలు తొందరగా తెగుతుందని ఆడవాళ్లు ఆమె పక్క సాలు కోసం పోట్లాడుకునేవాళ్లు. శనివారం భజనలో ఆమె పాడుతుంటే గుడిలో దీపం కూడా కదలకుండా వింటున్నట్టు ఉండేది. మా దిక్కు భజనలో ఒక పద్ధతి ఉంది. పాట మనసుకు తాకితే వినేవాళ్లలో ఎవరో ఒకరు "గోవిందా" అని గట్టిగా పెడతారు, మిగిలినవాళ్లు అందుకుంటారు. తిప్పమ్మ పాడితే ఆ గోవింద పెట్టేది ఎప్పుడూ నరసింహప్పే. చరణం ముగిసేదాకా కూడా ఆగలేడు. "పెండ్లాం నోరు తెరిస్తే చాలు, ఈయప్పకు సామి మీదికొస్తాడు" అని ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వేవాళ్లు. తిప్పమ్మ తల వంచుకొని తాళం చూసుకుంటూ పాడేది. చెవుల దాకా ఎరుపెక్కేది.

హేమావతి చంటిపిల్లగా ఉన్న ఏడు, మా బృందం బళ్లారికి పోయి క్యాసెట్టు చేయించుకోవాలని పట్టుబట్టింది నరసింహప్పే. బృందానికి గురువు హనుమంతరాయుడు. సామి పేరున పాట కట్టింది ఆయనే. మంచివాడే గానీ కోపం వస్తే పదిమందిలో కడిగేస్తాడు. మొదటి చరణం మారెక్క పాడాలి, రెండోది తిప్పమ్మ. మారెక్క అంటే తిప్పమ్మ వాళ్ల పక్కింటామె, వరసకు ఆమెకు అక్క. వానలు రాని ఏడు కట్టిన పాట అది. రెండో చరణం ఇట్లా ఉంటుంది:

మబ్బు వచ్చి మళ్లిపోయె సామీ
మా కండ్లల్లో చెరువు నిండె సామీ
గడపకాడ దీపమెట్టి నీకై
కడుపు కట్టుకోని కూచుంటి సామీ

ఆ రోజు నేను వాళ్లతో పోలేదు, నరసింహప్ప చెప్పగా విన్నదే. టెంపోలో పోయేటప్పుడే గురువు అందరితో ఒట్టు వేయించాడు. లోపల ఎవరూ గోవింద పెట్టకూడదు, దగ్గకూడదు, గాజులు కదలకూడదు. నరసింహప్ప అందరికంటే ముందు చెయ్యి వేశాడు. పాప ఏడిస్తే రికార్డింగు చెడుతుందని, తిప్పమ్మ పాడే వేళకు పాపను ఎత్తుకొని తానే బయట మెట్ల మీదికి పోయాడు.

సాయంత్రం టెంపో ఎక్కేటప్పుడు ఆయనకు తెలిసింది, రెండో చరణం కూడా మారెక్కే పాడిందని.

"నా గొంతు పట్టుకునింది. సరిగా రాల్యా" అంది తిప్పమ్మ.

"రాకపోయేదేంది? నేను మెట్లమీద ఇన్న్యా గదా! అంత బాగా ఎప్పుడూ పాడల్యా నువ్వు."

"బయటికి బాగుండింటాది. మిషన్లో బాగలేదంట."

"మిషను అబద్ధం చెప్పింటాది."

"మిషను అబద్ధం చెప్తాదా? ఊరికే కూచోప్పా, అందరూ చూస్తాండారు."

ఆ క్యాసెట్టు వచ్చింది. ప్రతి శనివారం మా గుడి హారను నుంచి అదే మోగేది. ఇప్పటికీ మోగుతుంది. తిప్పమ్మ మాత్రం ఆ రోజు తరవాత ముందు కూచొని పాడలేదు. తాళం వేసేది, అందరితో కలిసి పెదవులు కదిపేది. చేన్లో కూడా పాట మానుకుంది. ఎవరైనా బలవంతం చేస్తే గొంతు మీద చెయ్యి పెట్టుకొని, "పోయిందక్కా" అనేది. ఆ మాట వినలేకనే నరసింహప్ప రికార్డింగు గదుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ ఒంటి మైకు టేపు దొరికితే పెండ్లానికి వినిపించి, నీ గొంతుకు ఏమీ కాలేదు, చూడు అని చెప్పాలని. మొదట వాళ్లు పాడిన గదిలోనే అడిగితే, రికార్డు చేసినాయన లేడు, అది చెరిపేసి ఉంటారు అన్నారు; ఆయన నమ్మలేదు. పోయిన చోటల్లా ఏదో ఒకటి దొరికేది, అది దొరికేది కాదు. దొరికినవాటి మీద కూడా మనసు పడింది. ఒకరు పాడింది చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకు చేతకాలేదు.

"దొరుకుతాది తిప్పమ్మా. యాడికి పోతాది?" అనేవాడు.

"దొరకొద్దులే. నీ కాళ్లు అరిగిపోతాండాయి" అనేది ఆమె.

రెండేండ్ల కింద ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. అనంతపురం ఆసుపత్రికి వారం వారం తీసుకుపోయేవాడు. బస్సు కండక్టరు ఒకాయన, ఆమె వచ్చే రోజు తెలుసుకొని, ముందు సీటు మీద తన సంచి పెట్టి ఆపి ఉంచేవాడు. పేరు కూడా చెప్పలేదు మాకు. ఆమె పోయేముందు రోజు నరసింహప్ప చెవి దగ్గరకు వంగి, "నీ చరణం ఊరందరికీ వినిపిస్తా, నా మీద ఒట్టు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నొప్పికేమో అనుకున్నాం.

పోయిన ఏడు చలికాలంలో హేమావతి ఒక కబురు తెచ్చింది. తన పక్క మిషను మీద కుట్టే పిల్ల మామ ఒకప్పుడు బళ్లారిలో పాటలు రికార్డు చేసేవాడట, ఇప్పుడు చూపు తగ్గి రాయదుర్గంలో కొడుకు దగ్గరే ఉంటున్నాడట. పేరు యేసన్న. మరుసటి రోజే నేనూ నరసింహప్పా బస్సెక్కాం.

యేసన్న వసారాలో మంచం మీద కూచొని ఉన్నాడు. మనిషిని గొంతుతోనే గుర్తుపట్టాడు. "మెట్లమీద పాపనెత్తుకొని తిరిగినాయన గదా?" అని చేతులు చాచాడు. కోడలితో కాఫీ పెట్టించి, లోటా నరసింహప్ప చేతికి అందిందో లేదో తడిమి చూసుకొని మరీ వదిలాడు. ఎదుటివాడికి చూపు ఉందన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. ఇంట్లోవాళ్లు తనకు చేసినట్టే మాకూ చేస్తున్నాడు.

నరసింహప్ప విషయం చెప్పాడు. యేసన్న చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

"ఆ టేపు నేను చెరపల్యాప్పా."

నరసింహప్ప లేచి నిలబడ్డాడు. "యాడుండాది?"

"నా తావ లేదు. అప్పుడే మీ ఇంటామెకు ఇచ్చేసినా."

"యా ఇంటామెకు?"

"నీకెంతమంది ఉండారప్పా? తిప్పమ్మకే. ఆమె అడిగింది, ఇచ్చినా."

"ఆయమ్మ తావ ఉంటే నాకెందుకు చెప్పలా? ఇన్నేండ్లు నేను తిరుగుతాంటే చూస్తా ఉన్నిందే!"

యేసన్న చెయ్యి చాచి, తడిమి, నరసింహప్ప మణికట్టు పట్టుకున్నాడు. "దాన్ని గురించి నన్ను అడగొద్దు. మాటిచ్చినా. నీ కోసం ప్రార్థన చేస్తాప్పా, అంతమాత్రం చెయ్యగలను" అన్నాడు. మేం వీధి మలుపు తిరిగేదాకా ఆయన మంచం దిగి గుమ్మం పట్టుకొని నిలబడే ఉన్నాడు.

ఇంటికి వచ్చి తిప్పమ్మ పెట్టె దించారు. చీరలు, హేమావతి చిన్ననాటి గౌను ఒకటి, తిరుపతి నుంచి తెచ్చిన ఎర్ర దారాలు. టేపు లేదు. దూలాల సందులూ, జొన్నల తొట్టీ కూడా చూశారు. ఆఖరికి హేమావతే అంది, "అమ్మ ఏదన్నా దాచల్లంటే ఆయమ్మకు ఉండేది ఒగటే తావు, నాయనా." తల తిప్పి పక్కింటి వైపు చూసింది.

మారెక్క వాకిట్లో విత్తనానికి చెనిక్కాయలు వలుస్తోంది. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. తిప్పమ్మ ఉన్నప్పుడు ఈ ఇంట్లో కూర ఆ ఇంటికీ, ఆ ఇంట్లో ముద్ద ఈ ఇంటికీ గోడ మీదుగా పోయేవి. తిప్పమ్మ పోయాక కూడా నరసింహప్పకు పొద్దున ఒక గిన్నె రాగి అంబలి గోడ మీద పెట్టడం ఆమె మానలేదు.

"వదినా, తిప్పమ్మ నీకేమన్నా టేపు ఇచ్చిందా?"

ఆమె చేతిలో కాయ వలవకుండా అట్లాగే ఉండిపోయింది.

"యేసన్న చెప్పినాడా?"

"ఆయన ఏమీ చెప్పల్యా. నువ్వు చెప్పు."

"వద్దప్పా. ఇన్నాళ్లు ఉన్నట్టే ఉండు."

"నా పెండ్లాం గొంతు నేను ఇనగూడదా వదినా? ఊర్లో ప్రతి శనివారమూ ఆ పాట మోగుతాది. రెండో చరణం వచ్చేతలికి నేను లేచి బయటికి పోతా. నీ మింద కోపం కాదు. అది తిప్పమ్మది గదా."

"నాకు తెల్దా?" అంది మారెక్క. "నువ్వు లేచిపోయేది ప్రతి తూరీ చూస్తాండా నేను. పాడినది నేనే గదా, చెవులు మూసుకోల్ల అనిపిస్తాది. పోయేటప్పుడు గూడా నా చెయ్యి పట్టుకొని అడిగిందప్పా, ఇయ్యొద్దక్కా అని. సచ్చినామెకు మాటిచ్చి ఎట్ల తప్పల్ల?"

నరసింహప్ప వాకిట్లోనే, పొట్టు మధ్యలో కూచున్నాడు. తల మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి, ఊరందరి చావులకూ ధైర్యం చెప్పినవాడు, భుజాలు ఎగిరెగిరి పడేటట్టు ఏడిచాడు. మారెక్క చాలాసేపు చూసి, చేట పక్కన పెట్టి, సామి పటం వైపు తిరిగి లెంపలేసుకొని లోపలికి పోయింది. రవికె గుడ్డలో చుట్టిన క్యాసెట్టు తెచ్చింది.

"ఒక్కనివే ఇనొద్దు. నేనూ వస్తా" అంది.

మధ్యాహ్నం వేళ. నరసింహప్ప వసారాలో పాత టేప్‌రికార్డరు. హేమావతి ఆ రోజు పనికి పోలేదు. ఆమె మొగుడు మాత్రం తన పనికి వెళ్లాడు. నేనూ, మారెక్కా గోడకు ఆనుకొని కూచున్నాం. ఆయన ముందు క్యాసెట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపాడు, పెన్సిలుతో రెండు చుట్లు బిగించాడు, దూదితో మిషను లోపల తుడిచాడు. పనిలో తొందర లేదు. ఆఖరున బటను నొక్కాడు.

ముందు గుసగుసగా శబ్దం. ఎవరో కాళ్లు సర్దుకున్నారు. గురువు గొంతు, "ఊ, తిప్పమ్మా" అన్నది. తర్వాత ఆమె.

నేను ఆ గొంతు మరిచిపోయానని నాకు అప్పటిదాకా తెలియదు. కీబోర్డు లేదు, ఏ అలంకారమూ లేదు. హార్మోనియం వెనకాల ఎక్కడో ఉంది. ఆమె మాత్రం మన మోకాళ్ల దగ్గర కూచొని పాడుతున్నట్టు ఉంది. మబ్బు వచ్చి మళ్లిపోయె సామీ. ఊపిరి తీసుకున్నది కూడా వినిపించింది. గొంతులో జీర లేదు, వణుకు లేదు. నరసింహప్ప మా అందరి వైపూ చూశాడు. "చెప్పల్యా? చెప్పల్యా నేను?" అన్నట్టు కండ్లు మెరుస్తున్నాయి. గడపకాడ దీపమెట్టి నీకై. ఆ మాట దగ్గర ఆమె గొంతు ఎంత పైకి పోయిందంటే, మారెక్క తనకు తెలియకుండానే చేతులు జోడించింది. కడుపు కట్టుకోని...

"గోవిందా!"

టేపులోంచే వచ్చింది ఆ అరుపు. దూరంగా, తలుపు అవతల నుంచి, పడుచు గొంతు. చివరి మాట దాని కింద మునిగిపోయింది. వెంటనే చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. హేమావతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడుపు తనదే.

ఆ తర్వాత మెట్లు దిగుతున్న చప్పుడు, "ల్లో ల్లో" అని పాపను ఊరడిస్తూ సన్నబడిపోయిన అదే గొంతు. గదిలో మాత్రం గోలగా ఉంది. యేసన్న మిషను ఆపడం మరిచిపోయాడు.

"ఎవుడయ్యా అది?" అన్నాడు గురువు. "ఒట్టు పెట్టించినా గదా! రానీ, అందరి ముందర చెప్తా వాని సంగతి."

"అయ్యా, ఇంకొక్క తూరి తీస్తాం" యేసన్న గొంతు. "ఒక్క తూరికే టైముండాది. బయట ఇంకో పార్టీ కాచుకోనుండాది."

అప్పుడు తిప్పమ్మ మాట్లాడింది. పాడినప్పటిలా కాదు, గోడ మీదుగా ఉప్పు అడిగినట్టు.

"సామీ, మీ కాళ్లకు మొక్కుతా, ఆయప్పను ఏమనొద్దండి. అందర్నీ ఈడికి తోలుకొచ్చింది ఆయప్పే. తెలిస్తే మొగం ఎత్తుకోల్యాడు. మారెక్కా, రెండోది గూడా నువ్వే పాడక్కా."

"నేనెందుకే? నువ్వే మళ్లా పాడు" మారెక్క, పడుచు మారెక్క.

"నేను పాడితే ఆయప్ప ఊరికే ఉండల్యాడక్కా. మళ్లా పెడ్తాడు గోవింద. నువ్వు పాడితే ఉంటాడు." ఎవరో చిన్నగా నవ్వారు. ఆమే అనుకుంటాను. "నా గొంతు బాగరాల్యా అని చెప్పండి. అందరూ అదే చెప్పల్ల. ఆయప్ప కిందికి పోయినాడు, వచ్చేలోగా కానీండి."

టక్కుమంది. అంతే. ఆ తర్వాత ఉత్త గుసగుస శబ్దం తిరుగుతూ ఉంది.

ఎవరూ ఆపలేదు. టేపు తిరిగి తిరిగి దానంతట అదే ఆగింది.

"అబద్ధం చెప్పినాక మళ్లా యాడ పాడుతాదప్పా?" మారెక్క నేల వైపు చూస్తూ అంది. "పాడితే గొంతు బాగుండాదని నీకు తెలిసిపోదా? చేన్లో గూడా పాడనంటే నేను తిట్టినా. అయినా మానుకునింది. ఆ గదిలో ఉన్నోళ్లం ఎవురమూ నోరిప్పల్యా. నువ్వు టేపు కోసం తిరుగుతాంటే యేసన్న తావకు పోయి అడుక్కోనొచ్చి నా చేతిలో పెట్టింది. చెరపల్ల అనుకునింది గానీ చెరపల్యాకపోయింది. నా ఉసురు దాంట్లో ఉండాదక్కా అనింది."

నరసింహప్ప అరిచేయి చూసుకుంటూ కూచున్నాడు. "నేను గోవింద పెట్టినట్టే నాకు గుర్తు లేదు" అన్నాడు.

ఊరందరికీ వినిపిస్తానని ఒట్టు పెట్టుకున్నవాడు. టేపు దొరికిందన్న మాట అప్పటికే ఊరంతా పాకింది. శనివారం వినిపిస్తావా అని పిల్లలు కూడా అడుగుతున్నారు. ఊళ్లో సెల్లు ఫోన్ల అంగడి పెట్టుకున్న ఉదయ్ కుమార్ వచ్చి, టేపును తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. విన్నాక ఆ ఒక్క చోటునే మళ్లీ మళ్లీ పెట్టి చూశాడు.

"మామా, ఆ అరుపు పడినకాడ అత్త మాట దాని కిందనే ఉండాది, విడదియ్యల్యాం" అన్నాడు మెల్లగా. "ఒక పని చేస్తా. ఆడికి ముందరే సన్నగా తగ్గించి ఆపేస్తా. వినేవాళ్లకు చరణం అయిపోయినట్టే ఉంటాది. ఎవురికీ తెల్దు."

"ఎవురికీ తెల్దు" అని నరసింహప్ప అదే మాట మళ్లీ అన్నాడు. "ఆయమ్మ గూడా అదే అనుకునింది నాయనా. ఎవురికీ తెలీగూడదని నోరు కట్టుకునింది. ఊరంతా తిప్పమ్మ గొంతు పోయిందనే అనుకోని ఆయమ్మను కట్టెల మీద పెట్టినారు. నేనూ అట్లనే పెట్టినా. వద్దు. ఏమీ కోయొద్దు."

శనివారం దీపాలు పెట్టే వేళ గుడి నిండింది. వేరే ఊళ్లకిచ్చిన ఆడపిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చారు. నరసింహప్ప స్నానం చేసి, నామం పెట్టుకొని, పాత యాంప్లిఫయరు తానే మోసుకొచ్చాడు. సామికి మొక్కి, జనం వైపు తిరిగి, "మా ఇంటామె పాడినది. అంతా ఇనండి. మధ్యలో ఎవురూ లేయొద్దు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

చరణం మొదలైనప్పుడు చేన్లలో ఆమె పక్క సాలు పట్టిన ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి ఏడ్చారు. అరుపు వచ్చింది. పిల్ల ఏడుపు వచ్చింది. హారను మీద గురువు కోపం ఊరంతా వినిపించింది. ఆ తర్వాత తిప్పమ్మ బతిమాలుకోవడం. నరసింహప్ప యాంప్లిఫయరు పక్కన నిలబడే ఉన్నాడు. బటను మీద వేలు ఉంది, నొక్కలేదు. ఆమె మాట చివరిదాకా పోనిచ్చాడు.

నేను మావాళ్ల మొహాలు చూశాను. ఒక్కరూ ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆయన తట్టుకోలేడని, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే, అందరూ సామి వైపు తిరిగి కూచున్నారు. హోటల్లో రోజూ ఎగతాళి చేసే పెద్దాయన మెల్లగా లేచి, తన తువ్వాలు మడిచి, ఆయన కాళ్ల దగ్గర నేల మీద పరిచి, "కూచోప్పా, కాళ్లు నొస్తాయి" అని మళ్లీ తన చోటికి పోయాడు. ఆ రోజు భజన సాగలేదు. హారతి ఇచ్చారు, ప్రసాదం పంచారు, ఇండ్లకు పోయారు.

ఇప్పుడు ఆయన కొత్త టేపుల కోసం ఎక్కడికీ పోవడం లేదు. ఎవరైనా తెచ్చిస్తే తీసుకుంటాడు, సంచిలో పెడతాడు. పొద్దున అంబలి తాగాక ఒక్క టేపే పెట్టుకుంటాడు. అదీ చరణం కాదు. పాటను దాటించి, అరుపును దాటించి, ఆమె మాట్లాడినచోటే పెట్టుకుంటాడు. ఉదయ్ కుమార్ ఫోనులో ఇస్తానంటే వద్దన్నాడు.

"అరిగిపోతాదప్పా, పాటన్నా విను" అని గోడ అవతల నుంచి మారెక్క అంటుంది.

"పాట సామికి పాడింది వదినా. ఈ మాటలు నా కోసం మాట్లాడింది."

టక్కుమనే శబ్దం దాకా విని, ఆపి, గోడ దగ్గరకు వస్తాడు. దాదాపు ప్రతి రోజూ అడిగేదే.

"మిషను ఆపినాక ఏమనింది వదినా? ఇంగేమన్నా అనిందా?"

ఆమె కసువు ఊడుస్తున్నా, గిన్నె తోముతున్నా, ఆపి, ఇప్పుడే గుర్తు తెచ్చుకుంటున్నట్టు కొంచెంసేపు ఆలోచిస్తుంది.

"ఏమీ అనల్యాప్పా. నువ్వు పాపనెత్తుకొని పైకొచ్చినావు, అందరికీ టీ తెచ్చినావు. ఆయమ్మ తన టీలో సగం నీ లోటాలోకే వంచింది."

"నేను తాగినానా?"

"తాగినావు. ఇంత చెక్కెర ఎందుకేసినాడో అని టీ అంగడోన్ని తిట్టినావు."

ఆయన తల ఊపుతాడు. ఖాళీ అంబలి గిన్నె గోడ మీద పెట్టి, లోపలికి పోతాడు.